డుబుక్కు మోత

ఇది చాలా చిన్న ముచ్చట. చాయ్ హోటల్ నడిపే అండాలు పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోపు అయిపోతుంది. డీజే కమలాకర్ చిన్నప్పటి వీడియో గేమ్ మోతలు తీసుకొచ్చి పాటల్లో కలిపాడు. ఆ పాటలతో బీరప్ప పండుగ ఊరేగింపు చేస్తానని అడిగాడు. అంతే ముచ్చట.

అయితే ఆ పాల సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే అవి అంత తొందరగా పొంగవు. కేతేపల్లి బస్టాండు పక్కన అండాలు చాయ్ హోటల్లో పాలెన్ని, నీళ్లెన్ని అన్నది ఇప్పటిదాకా బయటపడలేదు. బర్రెకు తెలుసు గాని అది మాట్లాడదు. పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చునే హనుమంతుకు కూడా కొంత తెలుసు గాని, అతనికి అక్కడ చాయ్ ఉత్తగనే దొరుకుతుంది కనుక అతనూ మాట్లాడడు. హనుమంతు చాయ్ తాగేటప్పుడు కూడా హెల్మెట్ తీయడు. పోలీసుల భయమేమో అనుకునేరు. జుట్టుకు వేసే రంగు ఒక చెవి దాకా వచ్చి అయిపోయింది, రెండో చెవికి డబ్బీ కొనలేదు.

ఇక కమలాకర్. మనిషి మంచివాడు. అబద్ధం ఆడడు, నిజాన్ని కొంచెం మేపుతాడు. పొద్దున మేకపిల్లంత నిజం అతని నోట్లోకి పోతే మధ్యాహ్నానికి దున్నపోతై బయటికొస్తుంది. డీజే బాక్సులు, వాటిని మోసే డీసీఎం బండి, ఒక ల్యాప్‌టాప్, కట్టెలతో కొడితే రకరకాల మోతలు వచ్చే ప్యాడ్ అతని ఆస్తి. పోయిన సద్దుల బతుకమ్మనాడు ఆ బాక్సులు పాట నడుమ మూగబోయాయి. ఆడవాళ్లు మిగతా పాట చప్పట్లతోనే పూర్తి చేసుకొని ఇళ్లకు పోయారు. తెల్లారేసరికి అతని పేరు సగంపాట కమలాకర్ అయింది. ఆధార్ కార్డులో తప్ప అంతటా మారింది. పెళ్లివాళ్లు ఫోన్ చేసి, "సగం లగ్గానికి వస్తవా, మొత్తం లగ్గానికి వస్తవా?" అని అడిగి, నవ్వి పెట్టేస్తున్నారు.

ఆ పేరు పోవడానికి ఒకటే దారి ఉంది. వచ్చే ఆదివారం బీరప్ప పండుగ. ఊరేగింపు ఊరంతా తిరిగి గుడి ముందు దిగేదాకా పాట ఆగకూడదు. ఆగకుండా వాయిస్తే సగంపాట అన్న మాట దారిలోనే రాలిపోతుంది. ఊరేగింపు తిరుమలగిరి డీజే సెట్టుకు పోయిందంటే మాత్రం, రేపు తన ఫొటోకు దండ వేసినప్పుడు కూడా కింద ఆ పేరే రాస్తారని కమలాకర్‌కు తెలుసు. ఏ సెట్టు పెట్టాలో చెప్పాల్సింది గొర్లకాపరుల సంఘం పెద్ద బీరన్న. ఆయన చేతిలో గ్లాసు ఖాళీ కానిదే ఏ మాటకూ జవాబివ్వడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగినప్పుడు కూడా చాయ్ మొత్తం తాగిన తర్వాతే చెప్పాడట. ఆయన భార్య గుర్వమ్మ ఆ ఆలస్యాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

అందుకే ఆ పొద్దున కమలాకర్ ప్యాడ్‌ను, చిన్న స్పీకర్‌ను తెచ్చి హోటల్ బల్ల మీద బీరన్న ముందు పెట్టాడు. కట్టెలు రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"కాకకు పెద్ద గ్లాసుల పొయ్యి అండాలక్కా," అన్నాడు.

ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆయన మనసు తిరగాలి.

"చిన్నగనే చెప్త కాకా. మా ఇంట్ల వీడియో గేమ్ ఉండె, యాదికున్నదా? ఊర్లె ఒక్కటే. టీవీకి తగిలిచ్చేది, వైరున్న రిమోటు, పచ్చ క్యాసెట్టు..."

"యాదికి లేకపోవుడేంది," అన్నాడు హనుమంతు హెల్మెట్‌లోంచి. "మీ కిటికీ కాడ లైన్ల నిలవడి నిలవడే గదరా నా కాళ్లు గిట్ల వంకర పోయినయ్."

"నీ కాళ్లు పుట్టినప్పుడే వంకర. నడుమల రాకు. కాకా, గా ఆటల ఒక బుడ్డోడుంటడు. ఉరుకుతడు, ఎగురుతడు, పైసలేరుతడు. గుంతల పడ్డడంటే పైకెల్లి కిందికి జారినట్టు ఒక మోత వస్తది. డుబుక్కు. డుబుక్కంటే ఏం చెయ్యాలె హనుమంతూ?"

"బారి ఇడువాలె. మన వంతు ఒడిసినట్టే."

"అగో! మన కేతేపల్లిల పుట్టినోడు ఎవడైనా గదే చెప్తడు. సర్పంచ్ కొడుకు గాని, సాకలి ఇస్తారి కొడుకు గాని, డుబుక్కంటే బారి ఇడిసి రిమోటు పక్కోని చేతుల పెట్టుడే. గా డబ్బను మొన్న సజ్జ మీదికెల్లి దించిన. క్యాసెట్ల ఊదిన, టీవీకి పెట్టిన, గా మోతలన్ని ల్యాప్‌టాప్‌ల పట్టిన, ఒక్కొక్కదాన్ని కోసి ప్యాడ్‌ల ఎక్కిచ్చిన. గా డబ్బకు గొంతులెన్నో ఎరుకేనా? మూడు గొంతులు, ఒక బుస. గంతే. ఇప్పటి కీబోర్డులల్ల లెక్కలేనన్ని గొంతులు, ఒక్కటి గూడ మనసుకు తాకది. ఇవి సన్నగ, సూది లెక్కుంటయ్. ఎంత లొల్లి ఉన్నా చెవుల దిగుతయ్. సూడు."

తీన్మార్ దెబ్బ ఒకటి నడిపించి, దాని సందుల్లో ఆ మోతలు వేశాడు. టింగ్ అని పైస మోత. కుయ్ అని ఎగిరే మోత. గజ్జెలు మోగాల్సిన చోట ఇస్స్ అని బుస. నిజం చెప్పాలంటే బాగుంది. అండాలు గంటె చాయ్ గిన్నెలోనే ఆగిపోయింది. బీరన్న కాలి బొటనవేలు చెప్పులో రెండుసార్లు కదిలింది. ఇక్కడితో ఆపేసి ఉంటే కమలాకర్‌కు ఊరేగింపు దొరికేదే. కాని అతడు ఆ బొటనవేలును చూశాడు. అది కదిలితే మనిషంతా కదలాలి కదా అనుకున్నాడు.

"ఇదే కొట్టిన కాకా, మొన్న కల్వకుర్తిల ఒక పెండ్లి బరాతుల."

కమలాకర్ గొప్ప పనులన్నీ కల్వకుర్తిలోనే జరుగుతాయి. అంత దూరం పోయి అడిగి వచ్చే ఓపిక కేతేపల్లిలో ఎవరికీ లేదు.

"పైస మోత కొట్టిన. టింగ్! బరాతుల ఉన్నోళ్లంత వంగిండ్రు, ఎవరిదో పైస పడ్డదని. మళ్ల కొట్టిన, మళ్ల వంగిండ్రు. తీన్మార్ దెబ్బకు వంగుడు లేసుడు, వంగుడు లేసుడు, గదే కొత్త స్టెప్ అయి కూసున్నది. అటెన్క ఏమైందో ఎరుకేనా?"

"నడుములు పట్టినయా?" అంది అండాలు.

"ఎగిరే మోత కొట్టిన. కుయ్! పెండ్లిపిల్ల అవ్వ, మోకాళ్ల నొప్పులతోటి మూలకు కూసున్న మనిషి, కుర్చీతోని సహ ఎగిరి పోయి పందిరి మీద పడ్డది."

"అయ్యో, దించిండ్రా?"

"నేను దిగనే దిగ అన్నది. మీద గాలి మంచిగొస్తాంది, అన్నం ఈడికే పంపుండ్రి అన్నది. బగార పైకి అందిచ్చిండ్రు."

బీరన్న ఒక గుక్క తాగాడు. పాలకేంద్రం నడిపే ఆయన బిడ్డ శైలజ అప్పుడే స్కూటీ దిగి, "బాపూ, పోదామా?" అని హోటల్లోకి వచ్చింది. ఆయన గ్లాసు చూపించాడు. అది ఇంకా నిండుగానే ఉంది. ఆమె గుంజకు ఆనుకొని నిలబడింది. కమలాకర్‌కు వినేవాళ్లు ఒకరు పెరిగారు, కథ కూడా దానికి తగ్గట్టే పెరిగింది.

"ఇగ బుస. గొర్లను మలిపేటప్పుడు మీరు ఇస్స్ అంటరు సూడు కాకా, అచ్చం గట్లనే. నేను బాక్సులల్ల పెట్టంగనే చుట్టుముట్టు ఊర్ల మందలన్ని కంచెలు దుంకి బరాతుల కలిసినయ్. పొట్టేళ్లు ముందట వరుస. ఎనక గొర్లు. దెబ్బకు దెబ్బ కాలు కలిపి తీన్మార్ ఏస్తున్నయ్."

బీరన్న గ్లాసు పెదవుల దగ్గర ఆగింది. ఆయన పుట్టినప్పటి నుంచి గొర్ల నడుమనే ఉన్నాడు. కనుబొమ ఒకటి మెల్లగా పైకి పోయింది. కమలాకర్ అది చూసి, ఏదో తక్కువైందనుకున్నాడు.

"నాలుగు మేకలు గూడ ఉండెననుకో," అని కలిపాడు.

"మేకలు ఏం ఏసినయ్‌రా?" అన్నాడు హనుమంతు.

"అవి సక్కగ ఎయ్యలే. అది ఇడిసెయ్యి. అసలు ముచ్చట ఇను. కొట్టి కొట్టి చేతులకు చెమట వట్టింది. కట్టె జారి ప్యాడ్ మీద గీ మూలకున్న గడిల పడ్డది. గిండ్ల ఏమున్నది? డుబుక్కు! పెండ్లిపిలగాడు గుర్రం మీదున్నడు. మన వయసోడే. వాడు గూడ చిన్నప్పుడు ఎవలదో కిటికీ కాడ నిలవడ్డోడే అయి ఉంటడు. డుబుక్కు ఇనవడ్డదో లేదో గుర్రం దిగిండు. కళ్లెం తెచ్చి పక్కోని చేతుల పెట్టి, నీ బారి అన్నడు."

"పక్కోడెవడు?"

"దోస్తు. వాడు ఎక్కిండు. నాకు గమ్మతనిపిచ్చి మళ్ల కొట్టిన. వాడు దిగి బ్యాండాయనకు ఇచ్చిండు. బ్యాండాయన ఫొటోలు తీసెటాయనకు ఇచ్చిండు. పందిట్లకు పోయేసరికి గుర్రం మీద గుర్రపాయనే ఉన్నడు. మామ కాళ్లు గడిగి లోపలికి తోల్కపోయిండు."

"పంతులు ఊకున్నడా?"

"పంతులు మాత్రం మనిషి గాడా? మంత్రం నడుమల డుబుక్కు ఇని, మైకు తీస్కపోయి వంటాయన చేతుల పెట్టిండు. వంటాయన మైకు పట్టి బగారకు ఏమేం పడతయో గడగడ చదివిండు. లవంగాలు, యాలకులు, షాజీర. జనమంత అక్షింతలేసిండ్రు."

"లగ్గమైతే అయిందా లేదా?" అంది అండాలు, పొయ్యి వైపు చూడడం మానేసి.

"ఎందుక్కాదు? ఇప్పుడు బిడ్డ గూడ పుట్టింది."

"ఎవలకు?"

"గదొక్కటి నన్నడుగకు అక్కా."

హనుమంతు నవ్వితే హెల్మెట్ అద్దం టప్పున మూసుకుంది. అతను దాన్ని ఎత్తకుండానే నవ్వాడు. బీరన్న గ్లాసు సగానికి దిగింది. ఆ సగం కమలాకర్‌కు లేవబోతున్న ఎర్రజెండా లాగా కనిపించింది, వేగం పెంచాడు.

"బరాతు శ్రీశైలం రోడ్డెక్కింది. పొయ్యే బస్సోళ్లకు గూడ ఇనవడ్డది డుబుక్కు. శ్రీశైలం బస్సు డ్రైవర్ స్టీరింగ్ కండక్టర్‌కు ఇచ్చిండు. కండక్టర్ ముందు సీట్ల ఉన్న ముసలాయనకు ఇచ్చిండు. ముసలాయన ఎనకసీట్ల ఆయనకు. బస్సు ఘాట్ రోడ్డు దిగేసరికి అసలు డ్రైవర్ ఆఖరు సీట్ల టికెట్ తీస్కొని కిటికీలకెల్లి కోతులను చూస్తున్నడు."

"బస్సు దొర్లలేదా?"

"ఎట్ల దొర్లుతది? ఎవల బారి వాళ్లు పాణం పెట్టి ఆడుతరు గద! అటెన్క ఏమైందో ఎరుకేనా? గీ లొల్లి జపాన్ దాక పోయింది. గా డబ్బలు చేసినోళ్లు ఆడనే ఉంటరు. గా పాత మోతలు వాళ్ల కాడ గూడ లేవట. పచ్చ క్యాసెట్ ఒక్కటి కేతేపల్లిల కమలాకర్ కాడ ఉన్నదని తెల్సి, ఒక ఇంజనీర్ సారు విమానమెక్కి వచ్చిండు."

"విమానం ఏడ దిగింది?" అన్నాడు హనుమంతు.

"మూసీ ప్రాజెక్టు కట్ట మీద. గేట్లు మూయిచ్చిండ్రు. సారు వచ్చి, బూట్లు ఇడిసి, మా ఇంట్ల బాసింపట్లు వేసి కూసున్నడు. క్యాసెట్ పెట్టిండు, టీవీల గీతలే వచ్చినయ్. తీసి ఊదిండు. మళ్ల గీతలే. ఎంత ఊదినా రాదు. ఎందుకొస్తది? జపాన్ ఊపిరి సాలది కాకా. జొన్నరొట్టెల ఉల్లిగడ్డ కారం పెట్టుకొని తిన్న ఊపిరి కావాలె. సార్, జరుగు అన్న. ఒక్క ఊదుడు. ఉఫ్! బుడ్డోడు టీవీల లేసి నిలవడ్డడు. సారు కండ్లల్ల నీళ్లు."

"ఉల్లిగడ్డ మంటకేమో," అంది అండాలు.

"అభిమానం అక్కా! గా ఊదిన గాలి ఒక సీసల నింపి ఇయ్యిమన్నడు. మూత బిగిచ్చి ఇచ్చిన. టోక్యోల అద్దాల బీరువల పెట్టిండ్రట."

కమలాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. కథ ఎక్కడికి పోవాలో అక్కడికి పోయినట్టే అనిపించింది. బీరన్న గ్లాసు అడుగున ఒక గుక్క మిగిలింది.

"కమలన్నా," అంది శైలజ. "ఊదుడు ముచ్చట నువ్వే తీసినవ్ గనుక అడుగుత. గా ఊపిరి నీకు గంత గట్టిగ ఎట్లయిందో నేను చెప్పాల్నా?"

కమలాకర్ చేతిలో కట్టెలు ఊగడం ఆగింది.

"డుబుక్కంటే హనుమంతన్న బారి ఇడిసిండు. సర్పంచ్ కొడుకు ఇడిసిండు. నీకు డుబుక్కన్నప్పుడు మాత్రం నువ్వు రిమోటు ఇడువకపోయేది. క్యాసెట్ గుంజి, ఉఫ్ ఉఫ్ అని ఊది, దుమ్ము వడ్డది, గీ సావు లెక్కల రాదు అని మళ్ల మొదటికెల్లి ఆడేటోనివి. మళ్ల డుబుక్కు, మళ్ల ఉఫ్. ఊరంత సచ్చింది గాని నువ్వొక్కనివే సావలే." ఆమె గొంతు పెంచలేదు. పాలకేంద్రంలో ఎవరి పాలు పల్చగున్నాయో చెప్పే గొంతే అది. "నీ ఎనక బారి నాది. నీ చేతులకెల్లే రిమోటు నాకు రావాలె. ఎండకాలమంత మీ కిటికీ ఊచలు వట్టుకొని నిలవడ్డ. రాలే. కల్వకుర్తిల పెండ్లిపిలగాడు గుర్రమిడిసిండు, డ్రైవర్ బస్సిడిసిండు, పంతులు మంత్రమిడిసిండు. రిమోటు ఇడువనోడు లోకంల నువ్వొక్కనివే అన్నా."

ముందుగా అండాలు నవ్వింది. హనుమంతు నవ్వుకు బెంచీ ఊగింది. "అగో, అగో, నిజమేరా! ఉఫ్ ఉఫ్ అనేటోడు! గీ సావు లెక్కల రాదు అనేటోడు!" అని అతను తొడలు చరుచుకుంటుంటే వెనక పాలు పొంగి పొయ్యి మీదికి పోయాయి. ఎవరూ చూడలేదు. ముచ్చట అప్పటికీ అయిపోలేదు.

బీరన్న ఆఖరి గుక్క తాగి, గ్లాసు బల్ల మీద బోర్లించాడు.

"గొర్లు తీన్మార్ ఎయ్యయి పిలగా," అన్నాడు.

నలభై ఏళ్లకు దగ్గరపడిన కమలాకర్ తల దించుకున్నాడు. "ఎయ్యయి కాకా."

"అది పక్కకు పెట్టు. మోత మంచిగున్నది. గాని మనిషి మాట మీద నిలవడేటోడా కాదా అని సూడాలె గద. డుబుక్కంటే ఎవడైనా సరే చేతులున్నది పక్కోనికి ఇస్తడంటివి. నిజమేనా?"

"నిజమే కాకా. పాణం మీద ఒట్టు."

"అయితె ఇప్పుడు కొట్టు. నీ చేతుల కట్టెలున్నయ్. ఇస్తివా, నీ కత నిజం, ఊరేగింపు నీ సెట్టుకే. ఇయ్యకపోతివా, నువ్వు చెప్పిందంత కోతలే. తిరుమలగిరోళ్లకు ఫోన్ చేస్త."

కమలాకర్ కుడివైపు చూశాడు, గోడ ఉంది. ఎడమవైపు చూశాడు. శైలజ గుంజ వదిలి వచ్చి బెంచీ పక్కన నిలబడి ఉంది. కట్టెలే కదా, ఇచ్చి తీసుకోవచ్చు అని లెక్క వేసుకున్నాడు. ఒక దెబ్బకు పేరు నిలబడుతుంది, కథ నిలబడుతుంది, ఊరేగింపు నిలబడుతుంది. ప్యాడ్ మూలన ఉన్న ఆ గడి మీద కట్టె వేశాడు.

డుబుక్కు.

అప్పుడు అతని పెదవులు గుండ్రంగా ముడుచుకున్నాయి. ఊదడానికి. అతను ముడవలేదు, అవే ముడుచుకున్నాయి. హోటలంతా ఆ పెదవుల వైపే చూసింది. హనుమంతు అద్దం ఎత్తి మరీ చూశాడు. కమలాకర్ పెదవులు మూసుకున్నాడు. కట్టెలు రెండూ ఎడమవైపు చాపాడు.

"నీ బారి," అన్నాడు.

శైలజ తీసుకుంది. చిన్నప్పటి నుంచి ఇంటి ముందు డోలు దెబ్బలు వింటూ పెరిగిన మనిషి. పైస మోత ఒకసారి, బుస ఒకసారి కొట్టి చూసింది. ఆ తర్వాత రెండూ కలిపి ఒక దరువు వేసింది. ఈసారి బీరన్న చెప్పు మొత్తం కదిలింది.

"ఇగ ఇయ్యి శైలజా," అన్నాడు కమలాకర్ కొంతసేపటికి, చెయ్యి చాపి.

"డుబుక్కు ఇనవడ్డదా?" అంది ఆమె.

వినబడలేదు. అందరూ అదే చెప్పారు.

ఆదివారం ఊరేగింపు కమలాకర్ డీసీఎం మీదే సాగింది. బాక్సులు ఎక్కడా ఆగలేదు. గుడి ముందు దిగేదాకా పాట ఆగలేదు. ప్యాడ్ శైలజ వాయించింది. ఎగిరే మోతకు హనుమంతు ఎగిరాడు, హెల్మెట్ ఊడింది, రంగు సంగతి ఊరందరికీ తెలిసింది. దారిలో గొర్ల మంద ఎదురైంది. అవి తీన్మార్ వేయలేదు. ఒక మేక కొంచెం వేసిందని కమలాకర్ అంటాడు.

సగంపాట అన్న పేరు పోయింది. పెళ్లివాళ్లు ఇప్పుడు మొత్తం లగ్గానికే పిలుస్తున్నారు, శైలజ వస్తుందా అని అడిగి మరీ. ఆమె పైస మోత కొడుతుంది, ఎగిరే మోత కొడుతుంది, బుస కొడుతుంది. మూలన ఉన్న డుబుక్కు గడిని మాత్రం ఇంతవరకు ముట్టలేదు.

కమలాకర్ బండి తోలుతున్నాడు. అతని బారి ఇంకా రాలేదు.